బర్మా 1942 మీద గేమ్ చేస్తున్నారా? మనిషిని కల్పించండి, దారిని కల్పించొద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నలుగురు స్నేహితులు కలిసి, 1942లో జపాన్ సైన్యం బర్మా మీద దండెత్తిన కాలం నేపథ్యంగా ఒక గేమ్ చేస్తున్నారు. హీరో శ్రీకాకుళం కుర్రాడు, రంగూన్‌లో బ్రిటిష్ వాళ్ళకి గూఢచారి. చరిత్రని ఎంతవరకు మార్చుకోవచ్చు, జపాన్ సైనికుల్ని విలన్లుగా చూపిస్తే తప్పా, ఇదివరకు వచ్చిన గేముల్లో దేన్ని చూసి నేర్చుకోవాలి అని అడిగారు. చివర్లో ‘జపాన్ వాళ్ళు విశాఖలో దిగినట్టు కూడా ఒక లెవెల్ పెడదామా’ అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మనుషుల్ని మీ ఇష్టమొచ్చినట్టు కల్పించుకోండి. దారులు, తేదీలు, వానలు, ఆకలి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. విలన్ల సంగతికొస్తే, జపాన్ సైన్యం చేసిన ఘోరాల్ని దాచొద్దు, అలాగని ఆ సైనికుణ్ణి అరుస్తూ మీదపడే బొమ్మగా మార్చొద్దు. విశాఖలో దిగడం వద్దు, ఎందుకో కింద రాస్తాను. అడగని సలహా కూడా ఒకటి: గూఢచారిని పక్కన పెట్టి, మీ హీరోని రేవు కూలీని చెయ్యండి. మీ చేతిలో ఉన్న అసలు బంగారం అది.

నేను ఈ రంగంలో పదిహేడేళ్ళుగా ఉన్నాను. మొదటి ఆరేళ్ళు హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ గేములకు త్రీడీ మోడళ్ళు చేశాను. తర్వాత కథ, లెవెల్ డిజైన్ వైపు వచ్చాను. మాది టెక్కలి దగ్గర పల్లె. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న రంగంలో పనిచేశాడు. మా వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. ‘రంగం పోయినాడు’ అంటే బర్మాకి కూలికి వెళ్ళాడని అర్థం. అందుకని ఈ ప్రశ్న నాకు పనికి సంబంధించింది మాత్రమే కాదు, ఇంటికి సంబంధించింది కూడా. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇప్పటిదాకా గేములు ఏం చూపించాయి

జపాన్ దండయాత్ర పేరు చెప్పి అమ్మిన గేముల్లో ఎక్కువభాగం దండయాత్రని చూపించవు. కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్ (2008) తీసుకోండి. మాకిన్, పెలెలియూ, ఒకినావా ద్వీపాలు ఉంటాయి. అంటే అమెరికా ఎదురుదాడికి దిగిన తర్వాతి కథ. చావో రేవో తేల్చుకోవాల్సిన స్థితిలో గుహల్లో ఇరుక్కుపోయిన జపాన్ సైనికుడు మనకి అక్కడ కనిపిస్తాడు. 1942 తొలి నెలల్లో మలయా, బర్మాల్లో వరసగా గెలుస్తూ వచ్చిన సైనికుడు వేరు. మెడల్ ఆఫ్ ఆనర్: రైజింగ్ సన్ (2003) పెర్ల్ హార్బర్‌తో మొదలై సింగపూర్‌కీ, సయాం–బర్మా రైలుమార్గం మీది క్వాయ్ వంతెనకీ వస్తుంది గానీ కథంతా దోచుకున్న బంగారం చుట్టూ తిరుగుతుంది. కమాండోస్ 2 (2001)లో బర్మా ఉంది, క్వాయ్ వంతెన ఉంది, ఆ వంతెన పేల్చడమే ఆట. క్యాప్‌కామ్ అనే జపాన్ కంపెనీయే 1984లో తెచ్చిన ‘1942’ ఇంకో విచిత్రం. అందులో ఆటగాడు అమెరికన్ విమానం ఎక్కి, జపాన్ విమానాల్ని కూలుస్తూ టోక్యో వైపు వెళ్తాడు. చేసిన దేశం, ఆడే వాళ్ళ అభిమానం వేర్వేరు సంగతులని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

నా మటుకు కళ్ళు తెరిపించింది పసిఫిక్ సముద్రంలోని వేక్ ద్వీపం. 2002లో బాటిల్‌ఫీల్డ్ 1942 డెమోలో వచ్చిన మ్యాప్ అదే. గుర్రపు నాడాలాంటి ద్వీపం, నడుమ నీళ్ళు, మూలమూలనా జెండాలు. అమీర్‌పేట నెట్ సెంటర్లో ఎన్ని రాత్రులు ఆడామో లెక్కలేదు. చాలా ఏళ్ళ తర్వాత పని మీద అసలు చరిత్ర చదివాను. 1941 డిసెంబర్ 11న మొదటి దాడిని అక్కడి అమెరికన్ దళం తిప్పికొట్టింది. 23న ద్వీపం జపాన్ చేతికి పోయింది. నన్ను ఆపేసిన అంకె అది కాదు. ద్వీపం మీద మెరైన్లు దాదాపు 450 మంది ఉంటే, కట్టడాల పనికొచ్చిన మామూలు కార్మికులు వెయ్యికి పైగా ఉన్నారు. వాళ్ళలో చాలామందిని బందీలుగా ఓడల్లో తరలించాక, పనికోసం 98 మందిని అక్కడే ఉంచి, 1943 అక్టోబర్‌లో జపాన్ దళం వాళ్ళని చంపేసింది. నేను అన్ని రాత్రులు ఆడిన మ్యాప్‌లో ఆ కార్మికుడు ఒక్కడు కూడా లేడు. ద్వీపంలో ఎక్కువమంది ఎవరో వాళ్ళే లేరు.

ఇలా ఎందుకు జరుగుతుందో లోపలి నుంచి కూడా చూశాను. ఒక విదేశీ స్టూడియో కోసం (పేరు చెప్పను) జపాన్ సైనికులు వాడిన అరిసాకా తుపాకి మోడల్ చేసేటప్పుడు దాని బోల్ట్, కట్టె రంగు, మీద చెక్కిన పువ్వు గుర్తు, ప్రతిదానికీ ఫొటోలు పంపారు. పద్దెనిమిది పేజీలు. అదే ప్రాజెక్టులో ఊరి జనం కోసం వచ్చిన సూచన ఒక్క లైను: ‘సాధారణ ఆసియా గ్రామస్థుడు, మూడు రకాలు’. బర్మా మనిషా, అక్కడి కరెన్ తెగ మనిషా, తమిళుడా, తెలుగువాడా, చైనా మనిషా? అడిగితే, దూరం నుంచే కదా కనిపించేది అన్నారు. మీరు ఆ లైను దగ్గర మొదలుపెట్టండి. మీకు ఖర్చు లేకుండా దొరికే తేడా అక్కడే ఉంది.

దండయాత్ర ఎందుకు జరిగిందో కథలో కాక, ఆట నియమాల్లో పెట్టండి

జపాన్‌కి బర్మా ఎందుకు కావాలి? చైనాకి అమెరికా సరుకు చేరే దారి బర్మా గుండా వెళ్ళేది. రంగూన్ రేవులో దించి, రైల్లో లాషియో దాకా, అక్కణ్ణుంచి లారీల్లో చైనాలోని యునాన్‌కి. ఆ దారి తెంచాలి. యెనాంజౌంగ్‌లో చమురు ఉంది. బియ్యం ఉంది. మలయా మీదకి వెళ్తున్న సైన్యానికి పక్కనుంచి దెబ్బ తగలకూడదు. ఇదంతా ఆట మొదట్లో గంభీరమైన గొంతుతో ఒక మ్యాప్ చూపించి చెప్పేస్తారు, ఆటగాడు బటన్ నొక్కి దాటేస్తాడు. అదే మీ హీరో ఆ రేవులో బస్తాలు మోస్తూ ఉంటే? లారీ విడిభాగాల పెట్టెలు చైనాకి వెళ్ళాల్సినవి గోడౌన్లో పేరుకుపోవడం తన కళ్ళతో చూస్తాడు. విమానాలు ఎందుకు రేవు మీదకే వస్తున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవు పనిలో తెలుగువాళ్ళ పాత్ర చాలా పెద్దది. కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. ఊళ్ళో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు, అక్కడ కూలిలోంచి కోసుకునేవాడు. 1941 డిసెంబర్ 23న మొదటి బాంబుదాడి. జనం వీధుల్లో నిలబడి ఆకాశం వైపు చూస్తుండగా బాంబులు పడ్డాయి. మళ్ళీ 25న. వేలాదిమంది భారతీయులు మూటలు కట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. కూలీలు పోతే రేవు ఆగింది, పాకీవాళ్ళు పోతే ఊరు కంపుకొట్టింది. పనివాళ్ళు లేకపోతే ఊరు నడవదని తెలిసిన ప్రభుత్వం మొదట్లో వాళ్ళని వెనక్కి పంపించాలని చూసింది. ఫిబ్రవరిలో జైలు తలుపులూ, పిచ్చాసుపత్రి తలుపులూ తెరిచి అందర్నీ వదిలేశారు. మార్చి 7న మిగిలినవి పేల్చేసి బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయారు, 8న జపాన్ సైన్యం అడుగుపెట్టింది.

చూశారా, ఇక్కడ మీ హీరో తుపాకి పట్టకుండానే యుద్ధం ఫలితంలో భాగం అవుతున్నాడు. అతను ఉంటే ఓడ దిగుతుంది, పోతే ఆగుతుంది. గూఢచారికి ఇంత బలం ఉండదు.

మూడు దారులు, మూడు కాలాలు

మీకు లెవెల్ డిజైన్ చరిత్రే చేసి పెట్టింది. తేదీ బట్టి దారి, దారి బట్టి చావు.

మొదటిది ప్రోమ్ దాకా రోడ్డు, ఐరావతి దాటి, అరకాన్ కొండల మీద తౌంగుప్ కనుమ, అక్కణ్ణుంచి పడవ మీద అక్యాబ్, ఆ తర్వాత చిట్టగాంగ్. ఇది జనవరి నుంచి మార్చి దాకా నడిచింది. ఎండాకాలం ముందు, కొండ మీద నీళ్ళు లేవు. కలరా చుట్టుకుంది.

రెండోది మాండలే వైపు పైకి వెళ్ళి, చింద్విన్ నది దాటి, టాము, పాలేల్ మీదుగా ఇంఫాల్, చివరికి దీమాపూర్ రైలు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువమంది ఇటే వచ్చారు. ఈ దారుల్లోనే తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి అన్న ఫిర్యాదు పుట్టింది. మంచి శిబిరాలూ వాహనాలూ ఉన్న బాట ఒకళ్ళకీ, కాలిబాట ఇంకొకళ్ళకీ. కాంగ్రెస్ నాయకులు, గాంధీజీ సహా, ఈ వివక్షని గట్టిగా ప్రశ్నించారు. గేములో ఇది చెప్పడం చాలా తేలిక: ఒక కంచె, ఒక సంతరీ, అవతల కనిపించే లారీ.

మూడోది ఉత్తరాన మిచ్చినా నుంచి హుకాంగ్ లోయ, పాంగ్సౌ కనుమ, లేడో. ఏప్రిల్ 29న లాషియో పడిపోయాక, మే నెలలో మాండలే కూడా పోయాక, ఇంకెటూ దారి లేనివాళ్ళు పట్టిన బాట. అప్పటికే వానలు. బురద, జలగలు, మలేరియా, పొంగే వాగులు. గైల్స్ మాకరెల్ అనే టీ వ్యాపారి జూన్‌లో డాఫా నది దగ్గర చిక్కుకున్నవాళ్ళని ఏనుగుల మీద దాటించింది ఈ వైపే. ఏనుగుల లెవెల్ పెట్టాలని మీ చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పెట్టండి, కానీ ఆటగాణ్ణి ఏనుగు మీద కాకుండా ఒడ్డున నిలబెట్టండి.

మొత్తం మీద బర్మా విడిచి నడిచినవాళ్ళు సుమారు 4 నుంచి 6 లక్షలని అంచనాలు. దారిలో పోయినవాళ్ళు పదివేల నుంచి లక్ష దాకా అని ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తారు, ఎందుకంటే లెక్కపెట్టే మనిషి ఎవరూ అక్కడ లేడు. కాబట్టి మీ గేములో చివర ఒక కచ్చితమైన అంకె వేసి చూపించొద్దు.

మా ముత్తాత సంగతి చెప్తాను, తేదీలు ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది. అమ్మమ్మకి నెలలు తెలియవు. ‘సంకురాత్రి పోయినాక బయలెల్లినాడు, ఉగాది పోయినాక ఇంటికొచ్చినాడు’ అనేది. అంటే జనవరి మూడోవారం తర్వాత మొదలై మార్చి చివరికి ఇల్లు. రెండు నెలలు. టాము దారిలో జనం ఎక్కువగా కదిలింది ఆ తర్వాతే. పైగా ‘మళ్ళీ ఓడెక్కినాడు’ అని కూడా చెప్పేది. కాబట్టి తౌంగుప్ మీదుగా అక్యాబ్, చిట్టగాంగ్, కలకత్తా, ఆ పైన రైలు. రెండు పండగలు, ఒక ఓడ, అంతే, దారి తేలిపోయింది. నీళ్ళ గురించి ఆమె చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది: ‘నీళ్ళు అమ్మినోళ్ళున్నారు, నీళ్ళు పోసినోళ్ళున్నారు. అమ్మినోడి మొకం మా అయ్యకి గుర్తు లేదు, పోసినామె మొకం గుర్తుంది.’ మీ ఊళ్ళలో కూడా పెద్దవాళ్ళని ఇలాగే అడగండి. నెల అడగొద్దు, పండగ అడగండి. ఎటు వచ్చారని అడగొద్దు, నది దాటారా, ఓడెక్కారా, కొండెక్కారా అని అడగండి.

తుపాకి ఇస్తే ఏమవుతుంది

నాలుగేళ్ళ కిందట మేం తౌంగుప్ దారి మీద చిన్న నమూనా చేశాం. నలభై నిమిషాల ఆట. మొదటి రూపంలో హీరోకి దారిలో దొరికిన తుపాకి ఒకటి ఇచ్చాం, అయిదు గుళ్ళతో. పన్నెండుమంది ఆడారు. పదకొండుమంది ఆ నలభై నిమిషాలూ శత్రువు కోసం పొదలు వెతికారు. పక్కన ముసలామె నీళ్ళడుగుతుంటే ఆమె చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు. తప్పు వాళ్ళది కాదు. తుపాకి చేతిలో పెడితే ఈ ఆట ఏ జాతిదో మనమే వాళ్ళకి చెప్పినట్టు.

రెండో రూపంలో తుపాకి తీసేసి కావిడి ఇచ్చాం. ఇటు ఒక తట్ట, అటు ఒక తట్ట. బియ్యం, నీళ్ళ కుండ, దుప్పటి, ఇత్తడి బిందె, ఆపైన నడవలేని చెల్లెలు. బరువు పెరిగితే నడక తగ్గుతుంది, నడక తగ్గితే రాత్రి శిబిరానికి చేరలేం. ఇత్తడి బిందె వల్ల ఉపయోగం ఏమీ లేదు, నీళ్ళకి కుండ ఉంది. మొదటి పావుగంటలో అమ్మ ఆ బిందె తోముతూ కనిపిస్తుంది, అంతే. మా ఆఫీసులో లెక్కలు చూసే ఒక పెద్దావిడ, జీవితంలో గేమ్ ఆడలేదు, ఆడిస్తే బియ్యం సగం పారబోసింది గానీ బిందె దించలేదు. ఎందుకండీ అంటే, ‘అది లేకుండా ఇంటికెళ్ళి ఏం చెప్తాను’ అంది. ఆ రోజు తెలిసింది ఈ కథకి ఏ ఆట సరిపోతుందో. డబ్బు సరిపోక ఆ నమూనా బయటికి రాలేదు. మీరు ఆ ఆలోచన వాడుకోండి, నాకు సంతోషమే.

యుద్ధ దృశ్యం ఒకటైనా కావాలంటే సిట్టాంగ్ నది మీది వంతెన తీసుకోండి. ఫిబ్రవరి 23 తెల్లవారుజామున, దాదాపు అయిదున్నరకి, జపాన్ చేతికి చిక్కకూడదని బ్రిటిష్ సైన్యం తన వంతెన తానే పేల్చింది. 17వ భారతీయ డివిజన్‌లో రెండు బ్రిగేడ్లు అప్పటికి అవతలి ఒడ్డునే ఉన్నాయి. ఎక్కువమంది భారతీయ, గూర్ఖా సైనికులే. తుపాకులు పారేసి, బట్టలు విప్పేసి నది ఈదారు. ఇవతలికి చేరి లెక్కకొచ్చిన పదాతి సైనికులు సుమారు 3,500 మంది, వాళ్ళ చేతిలో మిగిలిన తుపాకులు 1,400 చిల్లర. గేముల్లో వంతెన పేలితే సంగీతం మోగుతుంది. ఇక్కడ పేలుడు వినపడగానే అవతల కాల్పులు ఒక్కసారి ఆగిపోయి, రెండు పక్షాలకీ ఏం జరిగిందో అర్థమైన ఆ నిశ్శబ్దం పెట్టండి. పేల్చాలా వద్దా అనే ఎంపిక ఆటగాడికి ఇవ్వొద్దు. అది అతని కథ కాదు. అతను ఒడ్డున ఈదుకొచ్చినవాళ్ళకి గుడ్డ అందించే మనిషి.

జపాన్ సైనికులు

మీ రెండో ప్రశ్న. ఇందులో రెండు తప్పులు జరుగుతుంటాయి, రెండూ ఒకేసారి చెయ్యొచ్చు కూడా.

ఒకటి, సైనికుడి పద్ధతి తప్పుగా చూపించడం. కత్తి ఎత్తి అరుస్తూ మీదకి ఉరికే దృశ్యం ఎక్కువగా ఓటమి ఖాయమైన చోట్లది: 1943 మేలో అట్టూ, 1944 జులైలో సైపాన్. 1942 బర్మాలో లెఫ్టినెంట్ జనరల్ షోజిరో ఈదా కింద 15వ సైన్యం గెలిచిన పద్ధతి వేరు. బ్రిటిష్ బలగం లారీల కోసం రోడ్డుకి అతుక్కుపోయి ఉంటే, వీళ్ళు తక్కువ బరువుతో అడవి బాటల్లో చుట్టు తిరిగి, వెనక రోడ్డుకి అడ్డుకట్ట వేసి కూర్చునేవారు. మీ ఆటలో జపాన్ సైనికుడు దాదాపు కనపడకూడదు. ముందు పోయిన లారీ వెనక్కి తిరిగి వస్తుంది, ‘ముందు దారి మూసేశారు’ అంటాడు డ్రైవరు. ఆ మాటే భయం.

రెండోది, పాలనని తీపిగానో, మరీ పలచగానో చూపించడం. కెంపెయితాయ్ సైనిక పోలీసుల చిత్రహింసలు నిజం. సయాం (ఇప్పటి థాయిలాండ్)–బర్మా రైలుమార్గం నిజం: 415 కిలోమీటర్లు, 1943 అక్టోబర్‌కి పూర్తయింది, 12 వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయారు, వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఆసియా కూలీలు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళులు ఎక్కువ, తెలుగువాళ్ళూ ఉన్నారు. క్వాయ్ వంతెన పేల్చే మిషన్లు ఆడినవాళ్ళకి ఈ కూలీల సంగతి తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అండమాన్లలో 1942 మార్చి 23న దిగిన జపాన్ దళాలు గూఢచారులన్న అనుమానంతో చిత్రహింసలు పెట్టి, 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి చంపాయి. మెత్తగా చెప్పడానికి వీల్లేదు.

కానీ మీ గేములో బర్మా మనిషి కూడా ఉంటాడు కదా. అతని వైపు నుంచి చూడండి. బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్, అతని సహచరులు స్వతంత్రం కోసమే జపాన్‌తో చేయి కలిపారు, ఆ సైన్యం వెంటే నడిచి వచ్చారు. 1943 ఆగస్టు 1న పేరుకి స్వతంత్రం వచ్చింది. అది పేరుకే అని తెలిశాక, 1945 మార్చి 27న అదే జపాన్ మీద తిరగబడ్డారు. మనవాళ్ళ మీద వాళ్ళకున్న కోపానికీ చరిత్ర ఉంది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తేలాక ఆ బర్మా కూలీల్ని తీసేశారు. ఆ కోపం పెరిగి, రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళని ఊచకోత కోశారు. ఇద్దరు పేదవాళ్ళని తెల్ల కంపెనీలు కొట్టుకునేలా చేసిన కథ అది. మీ హీరో వయసు ఇరవై అయిదు అనుకుంటే, ఆ అల్లర్లప్పుడు అతనికి పదమూడు. అది అతని లోపల ఉంటుంది. దారిలో మూట లాక్కున్న బర్మా మనిషీ ఉంటాడు, గంజి పోసిన బర్మా ఆమే ఉంటుంది. మా ముత్తాతకి నీళ్ళు పోసింది కొండ ఊరి ఆడమనిషే.

ఆజాద్ హింద్ ఫౌజ్‌ని 1942 రంగూన్‌లో పెట్టొద్దు. నేతాజీ సింగపూర్ చేరింది 1943 జులైలో, రంగూన్‌కి తన కేంద్రం మార్చింది 1944 జనవరిలో. అది వేరే గేమ్.

విశాఖలో దిగినట్టు పెడితే?

1942 ఏప్రిల్ 6న వైజాగ్, కాకినాడల మీద బాంబులు పడ్డ మాట నిజం. అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు అవి. ముందురోజు కొలంబో మీద ఇంకో పెద్ద దళం దాడిచేసింది. ఒజావా ఓడలు ఆ కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచాయి. కోస్తా అంతా జనం మూటలు సర్దుకుని లోపలి ఊళ్ళకి పోయారు. విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఇప్పటికీ చూడొచ్చు.

కానీ అది కొట్టి వెళ్ళిపోయే దాడి. సైన్యాన్ని మోసే ఓడలు వెంట లేవు. సిలోన్ మీద దిగుదామని జపాన్ నౌకాదళంలో కొందరంటేనే, సైన్యం డివిజన్లు ఇవ్వనంది. అప్పటికి వాళ్ళ దళాలు బర్మాలోనే మాండలే వైపు పోరాడుతున్నాయి. ఊహాచరిత్ర రాయడం తప్పని అనను. రాస్తే మాత్రం లెక్క కట్టండి: ఏ డివిజన్, ఏ రేవు నుంచి, ఎన్ని ఓడల్లో, బియ్యం ఎక్కణ్ణుంచి, వానలు రాకముందు ఎన్ని వారాలు. ఈ లెక్క నేర్చుకోవడానికి హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అనే యుద్ధవ్యూహాల గేమ్ మంచి బడి. అందులో సరఫరా లేని సైన్యం కరిగిపోవడం చూస్తే, జపాన్ ఎక్కడ ఎందుకు ఆగిందో చేతికి తెలుస్తుంది. దాని లోపమూ తెలుసుకోండి: జనం అక్కడ మ్యాన్‌పవర్ అనే అంకె. శరణార్థి లేడు. ఇలాంటి మ్యాపులు ఎంత సున్నితమో కూడా చూడండి. అదే వరసలోని మొదటి గేముని 2004లో చైనా నిషేధించింది. మంచూరియా, టిబెట్‌లని విడి దేశాలుగా, తైవాన్‌ని జపాన్ కింద చూపించారని.

నన్నడిగితే విశాఖ బాంబుల్ని గేములో వేరే రకంగా వాడుకోండి. మీ హీరో అంత దూరం నడిచి, బర్మాలో బాంబులు తప్పించుకుని ఏప్రిల్ మొదట్లో వాల్తేరు స్టేషన్లో దిగుతాడు. ఆరో తారీకున సైరన్. అక్కడివాళ్ళు ఏంటా అని పైకి చూస్తుంటారు. ఆ పైకి చూడటం ఎంత ప్రమాదమో ఆ ఊళ్ళో అతనొక్కడికే తెలుసు. డిసెంబర్ 23 రంగూన్ లెవెల్ మొదటిదైతే, ఇది చివరిది. ఒక్క బటన్: పక్కనున్న పిల్లని కిందకి లాగడం.

ఇంకో చిన్న విషయం, గొంతుల గురించి. హీరో ఉత్తరాంధ్ర మనిషైతే సినిమా యాసలో చెప్పించకండి. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు వెళ్ళి, డెబ్బై దాటినవాళ్ళ చేత మాట్లాడించి రికార్డు చెయ్యండి. విశాఖ బర్మా క్యాంపులో 1960ల్లో తిరిగొచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ళ తెలుగులో బర్మా మాటలు కలిసి ఉంటాయి, అవి మీకు ఏ పుస్తకంలోనూ దొరకవు. వెళ్ళేటప్పుడు స్క్రిప్టు పట్టుకెళ్ళొద్దు, బర్మా మ్యాప్ ఒకటి పెద్దగా ప్రింటు తీసి పట్టుకెళ్ళండి. మ్యాప్ పరిస్తే వేళ్ళు వాటంతట అవే కదులుతాయి.

మొత్తం గేమ్ తర్వాత. ముందు ప్రోమ్ రోడ్డు ఒక్క లెవెల్, ఇరవై నిమిషాలది, తుపాకి లేకుండా చేసి ఇక్కడే పెట్టండి. ఆడి, నాకు తోచింది వివరంగా రాస్తాను.